తెలుపు లేకుండా తెచ్చిన నలుపు

దయ్యాల మాట ఎత్తితే మా వీధిలో అందరికన్నా ముందు నవ్వేవాణ్ణి నేనే. ఇప్పుడు నమ్మకం వచ్చేసిందని చెప్పను. కానీ ఎవరన్నా అట్లాంటిది చెప్తా ఉంటే నవ్వకుండా కూర్చొని వింటా. అంతవరకు మారినాను.

మాది తమిళనాడులో ధర్మపురి. పెయింటు అంగడి పెట్టుకొని ఉండాం. మా తాతలకు తాతలు ఎప్పుడు ఈ పక్కకు వచ్చినారో మాకెవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు తెలుగు మాట్లాడేకి వస్తుంది గానీ రాసేకి రాదు. మా ఇంటామె సుధది కుప్పం, ఆమెకు వస్తుంది. నేను చెప్తా ఉంటే ఆమె రాస్తా ఉంది. నడుమ నడుమ "ఇది మీరు పెంచి చెప్తా ఉండారు" అని పెన్ను కింద పెట్టేస్తుంది. కాబట్టి ఇందులో పెంచింది ఏమీ మిగల్లేదని మీరు ధైర్యంగా చదవొచ్చు.

నేను ఎట్లాంటివాణ్ణో ముందు చెప్తా. ఏ. పళ్లిపట్టి అనే ఊరి పక్కన ఒక ఇల్లు ఉన్నింది. బాడుగకు ఎవరు దిగినా నెల తిరక్కుండా ఖాళీ చేసేవాళ్ళు. రాత్రిపూట గోడ ఏడుస్తుందని పుకారు. ఆ ఇంటాయన రంగు కొనేకి మా అంగడికి వచ్చి, ముఖం వేలాడేసుకొని ఈ సంగతి చెప్పినాడు. నేనే బండి ఎక్కి పోయి చూసినా. గోడ ఏడుస్తా ఉండేది నిజమే. మిద్దె మీద నీళ్ళ తొట్టి కారి గోడంతా చెమ్మ. తొట్టి బాగు చేయించి, చెమ్మకు పూత కొట్టించినాం. దయ్యం సామాను సర్దుకొని పోయింది. ఈ కత నేను ఎంతమందికి చెప్పినానంటే, మా పెయింటర్లు "ఏడ్చే గోడ సంగతి మాకు తెలుసులే మొదలాళీ" అని టీ గ్లాసు పెట్టి లేచి పోయేవాళ్ళు. మొదలాళీ అంటే ఈ పక్క అంగడి ఓనరు.

ఇంక మా అంగడి పద్ధతి ఒకటి ఉంది. అది చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు.

మా అంగట్లో నల్లరంగు ఒంటిగా ఇవ్వం. గేటుకని, కిటికీ కమ్ములకని ఎవరు నలుపు అడిగినా, దాంతో పాటు తెలుపు కూడా కొంచెం పోవాల. తాత కాలంలో చిటికెడు సున్నం పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళంట. మా నాయన కాలానికి అది సుద్దముక్క అయింది. డబ్బా మూత మీద కాగితంలో చుట్టి పెడతాం. పాత పెయింటర్లు దాంతో గోడ మూల ఒక చుక్క పెట్టి పని మొదలుపెడతారు. కొత్తవాళ్ళు నవ్వి జేబులో వేసుకుంటారు. ఎందుకు నాయనా ఇది అని నేను చిన్నప్పుడు అడిగితే, "మా నాయన ఇచ్చినాడు, నేను ఇస్తా ఉండాను, నువ్వూ ఇస్తావు" అన్నాడు. సరే, నేనూ ఇస్తా ఉన్నాను. నమ్మి కాదు. సుద్దముక్కకు ఏమవుతుంది, ఇచ్చే చెయ్యి ఊరుకోదు, అంతే.

మా ఇంటి పక్కన కారు షెడ్డు ఉంది. పేరుకే కారు షెడ్డు. అంగడి సరుకు తోలే పాత వ్యాను నిలిపేవాళ్ళం. ఆ వ్యాను అమ్మేసినాక షెడ్డు ఖాళీ అయింది. వీధి పక్కకు ఇనుప షట్టరు. ఇంటికీ షెడ్డుకూ నడుమ సన్నటి సందు ఉంటుంది, ఆ సందులోకి ఒక ఇనుప రేకు తలుపు. పైన చిన్న వెంటిలేటరు. ఇంతే.

అక్కడ ఒక ప్రొజెక్టరు పెట్టి ఇంట్లోనే సినిమా హాలు చేద్దామని నాకు పైత్యం పట్టింది. పైత్యం అనే మాట సుధది. హాలు అంటే గోడలన్నీ నల్లగా ఉండాల. తెల్లగోడ ఉంటే బొమ్మ వెలుతురు దాని మీద పడి తిరిగి కంట్లోకి కొడుతుంది. రంగుల సంగతి నాకు ఎవరూ చెప్పే పని లేదు. గోడలు, పైకప్పు, షట్టరు లోపక్క, తలుపు లోపక్క, స్విచ్చుబోర్డుతో సహా అన్నీ నలుపే అని తీర్మానం చేసుకున్నా. వెంటిలేటరుకు ప్లైవుడ్ ముక్క కొట్టేసినా. షట్టరు కింద వెలుతురు రాకుండా రబ్బరు పట్టీ అంటించినా. ఒక్క గీత వెలుగు కూడా లోపలికి రాకూడదని నేనే, నా చేతులతోనే, ఒక్కో సందూ వెతికి వెతికి మూసినా.

రంగు కూడా చూడండి. మా అంగడి వెనక గదిలో బడి బోర్డులకు వేసే నలుపు డబ్బాలు చాన్నాళ్ళుగా పడి ఉన్నాయి. ఇప్పుడు బడుల్లో తెల్లబోర్డులు వచ్చేసినాయి కదా, దాన్ని అడిగే దిక్కు లేదు. ఆ నలుపుకు మెరుపు ఉండదు, వెలుతురును తాగేస్తుంది. నాకు కావలసింది అదే. వాసన మాత్రం తల పగిలిపోయేంత ఉంటుంది. థిన్నరు కలిపే రంగు అది. తలుపు తెరుచుకొని కొట్టాల అని నేను అందరికీ చెప్పే పాఠం.

డబ్బాలు బండిలో వేసుకొని ఇంటికి వస్తే మా అమ్మ గుమ్మంలో కూర్చొని తమలపాకు మడుస్తా ఉంది. అమ్మకు నడుం వంగిపోయింది. చెవులు రెండూ పోయినాయి. చెవికి పెట్టే మిషను కొనిస్తే పెట్టెలో దాచింది, పోగొట్టుకుంటానేమో అని భయమంట. మేము చేత్తో సైగ చేసి, చెవిలో అరిచి మాట్లాడతాం. ఆమె మాత్రం మామూలుగానే మాట్లాడుతుంది. వక్కా ఆకూ లేకుండా ఆమెకు పొద్దు పోదు. కుడిచేతి బొటనవేలికి ఎప్పుడూ సున్నం ఉంటుంది. ఇంట్లో ఏ గిన్నె పట్టుకున్నా దాని మీద తెల్లటి వేలిముద్ర పడాల్సిందే.

అమ్మ డబ్బాలు చూసింది. మూతలు చూసింది. "తెలుపు ఏదిరా?" అని అడిగింది.

నేను తేలేదు. అమ్మినప్పుడు కదా సుద్దముక్క పెట్టేది. ఇది మా అంగట్లోనుంచి మా ఇంటికి తెచ్చుకునే సరుకు, నా చేతికి అలవాటు తట్టలేదు. చెవి దగ్గరికి పోయి, "మన అంగడి, మన ఇల్లు. నలుపు గడప ఏడ దాటిందమ్మా?" అని అరిచినా. పైగా నవ్వినా. అమ్మ నవ్వలేదు. "నాయన ఉంటే ఇట్లా చేసి ఉండవు" అని ముఖం తిప్పుకుంది.

గోడలూ పైకప్పూ కొట్టేదాంట్లో ఏమీ కాలేదు. షట్టరు ఎత్తిపెట్టి, తలుపు తెరిచిపెట్టి కొట్టినా. పెయింటర్లను పిలవమని సుధ పోరింది. ఊరందరికీ బ్రష్షు పట్టే తీరు చెప్పేవాణ్ణి, నాకు చేతకాదా అని నేను వినలేదు. చొక్కా, జుట్టు, చెవులు అన్నీ నల్లగా చేసుకొని, అందరూ నవ్వతా ఉంటే నేనూ నవ్వి, ఒక మారు అయింది అనిపించుకున్నా. రెండో పూతా, షట్టరూ తలుపూ మిగిలినాయి.

ఆ మిగిలింది కొట్టే దినం ఎదురింట్లో బోరు వేసే లారీ వచ్చింది. మా పక్క బోరు వేయడమంటే మీకు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళకు ముందు రాయి, రాయికి కింద రాయి. తెల్లటి రాతిపొడి మబ్బులాగా లేచి వీధంతా కప్పేస్తుంది. మోతకు పక్కన నిలుచున్నవాడి మాట కూడా వినపడదు. తడి నలుపు మీద ఆ పొడి పడితే నా పనంతా పాడు. అందుకని షట్టరు దించేసినా. ట్యూబులైటు వేసుకొని రెండో పూత మొదలుపెట్టినా. ముందు గోడలన్నీ, ఆ తరువాత షట్టరు. పైనుంచి కిందికి దట్టంగా, మడతల్లోకి, పక్కన అది జారే గాడిలోకి కూడా రంగు తోసినా. తెలిసినవాడు ఎవడూ చేసే పని కాదు అది.

మధ్యాహ్నం అన్నం తిని సుధ అంగడికి బయలుదేరింది. నేను పనిలో ఉంటే గల్లా దగ్గర ఆమే కూర్చుంటుంది. సందులో తలుపు దగ్గర నిలుచుకొని, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని, వాసన వంటింట్లోకి వస్తా ఉంది, బయట గడియ వేసి పోతా, అయిపోయినాక షట్టరు ఎత్తుకొని రండి అని అరిచి చెప్పింది. నేను చెయ్యి ఊపినా. గడియ పడింది.

మా పాప హరిణి అప్పుడు ఒకటో తరగతి. ఆ దినం బడి లేదు. పాప అవ్వ దగ్గర టీవీ చూస్తా ఉంది అని సుధ అనుకుంది. పాపను సుధ అంగడికి తీసుకొని పోయింది అని అమ్మ అనుకుంది. పాప ఏమో నేను అన్నానికి లేచినప్పుడు షెడ్డులోకి దూరి, ప్రొజెక్టరు వచ్చిన అట్టపెట్టె వెనక దాక్కొని ఉంది. గడియ పడిన కొంచెం సేపటికి "బూ" అని లేచింది. తిట్టినా. ఆ వాసనలో పిల్లను ఉంచకూడదని నాకు తెలుసు. తలుపు ఒక్కటే మిగిలింది, అది కొట్టేసి షట్టరు ఎత్తి ఇద్దరం పోదాం, రెండు నిమిషాలు ముక్కు మూసుకో అన్నా. తలుపు కొట్టినా. స్విచ్చుబోర్డు మీద ఆఖరు బ్రష్షు తిప్పినా. అప్పుడు కరెంటు పోయింది.

చీకటి అంటే మీరు చూసిన చీకటి వేరు. రాత్రి అడవిలో కూడా ఆకాశం అనేది ఒకటి ఉంటుంది. ఇక్కడ కన్ను మూసినా తెరిచినా ఒకటే. పాప కిలకిలా నవ్వింది, "నాయనా, సినిమా మొదలైందా?" అని. నేనూ నవ్వినా. ఫోను ఇంట్లో ఛార్జికి పెట్టి ఉన్నా. పోనీలే అని షట్టరు దగ్గరికి పోయి పిడి పట్టి ఎత్తినా. రాలేదు. కూర్చొని, నిలుచుకొని, భుజం పెట్టి ఎత్తినా. రంగు మడతల్లో ఇగిరి పట్టేసుకుంది. రెండు చేతులా బాదినా. బయట బోరు మోత. నేను బాదేది నాకే సరిగ్గా వినపడలేదు.

సరే, తలుపు దగ్గరికి పోదాం, సందులో అమ్మ అటూ ఇటూ తిరిగేటప్పుడు తడుతా ఉంటే రేకు కదిలేది ఆమె కంటపడుతుంది అనుకున్నా. షట్టరు నుంచి గోడ పట్టుకొని ఎడమకు పోతే మూల. మూల తిరిగితే తలుపు. పాపను నా చొక్కా పట్టుకోమని, గోడకు అరచెయ్యి ఆనించి నడిచినా. మూల వచ్చింది. తిరిగినా. గోడ. గోడ. గోడ. మళ్ళీ మూల.

తలుపు చేతికి తగల్లేదు. దాటేసినానేమో అనుకున్నా. అట్లే ముందుకు పోయినా, చుట్టూ వస్తే షట్టరు తగలాల కదా. షట్టరు మడతలు మడతలుగా ఉంటుంది, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మూల, గోడ, మూల, గోడ. షట్టరు లేదు. స్విచ్చుబోర్డు లేదు. గోడ అంతా నున్నగా, తడిగా, సల్లగా, ఒకే రకంగా ఉంది. ఒక వ్యాను పట్టేంత షెడ్డు అది. దాంట్లో నేను పుట్టినప్పటినుంచి తిరిగినా. అక్కడ దారి తప్పడం అనేది ఎట్లా?

ఎదురు దిక్కున తిరిగి నడిచినా. అదే గోడ. మూలలు ఎన్ని వచ్చినాయో లెక్క తప్పింది. నాలుగు మూలల గదిలో నేను మూలలు తిరుగుతానే ఉన్నా. వాసన గొంతులో దిగి కళ్ళు మండతా ఉన్నాయి. తల బరువెక్కింది. నాకు వాసన ఎక్కిందని నాకు తెలుసు, అది దాచి చెప్పను. కానీ నా చెయ్యి మాత్రం గోడ వదల్లేదు.

పాప దగ్గడం మొదలుపెట్టింది. "నాయనా, బయటికి పోదాం" అంది. పోతా ఉండాం తల్లీ అన్నా. కొంచెం సేపటికి "నిద్ర వస్తా ఉంది నాయనా" అంది. థిన్నరు వాసనలో నిద్ర వస్తా ఉంది అంటే ఏమని నాకు తెలుసు. అంగట్లో నేనే అందరికీ చెప్తా. పాపను ఎత్తి భుజం మీద వేసుకున్నా. ఆమె తల నా మెడ మీద వాలిపోయింది. ఇంత వయసు వచ్చింది, ఆ పొద్దు ఏడ్చినట్లు నేను ఎప్పుడూ ఏడవలేదు. అమ్మా, అమ్మా అని అరిచినా. చెవులు లేని అమ్మను, బోరు మోతలో. పాపను మాత్రం బయట వెయ్యి, నన్ను ఈడనే ఉంచుకో అని ఎవరికి చెప్పినానో తెలియదు, పైకే చెప్పినా.

అప్పుడు పాప తల ఎత్తింది. "ఆడ తెల్లగా ఉంది నాయనా" అంది.

నేను చుట్టూ చూసినా. నాకు ఏమీ కనపడలేదు. ఏడ తల్లీ, ఏడ అని అడిగినా. "ఆడనే" అని చెయ్యి చూపించిందేమో, చీకట్లో నాకు ఏం తెలుస్తుంది? అంతలో నా చేతుల్లోనుంచి జారి కిందికి దిగేసింది. పాప గౌను కోసం చెయ్యి చాపితే దొరకలేదు. ఇంత చిన్న గదిలో, నా ఎదుట, నా బిడ్డ నాకు దొరకలేదు. హరిణీ, హరిణీ అని నేల మీద పాకినా. జవాబు లేదు. జీవితంలో అంతకన్నా పాడు క్షణం నాకు లేదు, రాకూడదు కూడా.

ఆ మీదట ఎంతసేపో చెప్పలేను, ఎక్కువ సేపు కాదు. గడియ లాగిన చప్పుడు కూడా వినపడలేదు. ఉన్నట్టుండి నా కుడిపక్క నిలువునా వెలుతురు పడింది. తలుపు తెరుచుకొని ఉంది. గడప మీద పాప నిలుచుకొని ఉంది, ఒక చెయ్యి ముందుకు చాపి. ఆమె ఎదుట అమ్మ, నడుం వంచుకొని, నోరు తెరిచి పాపనే చూస్తా ఉంది.

సందులోకి పాకి వచ్చి పడినా. అమ్మ పాపను ఎత్తలేక ఎత్తి పెరట్లోకి తీసుకొనిపోయింది. పాప వాంతి చేసుకుంది. ముఖం కడిగి, నీళ్ళు తాపించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయినాం. డాక్టరమ్మ చూసి, గాలి తగిలింది కాబట్టి సరిపోయింది, ఇంకొంచెం సేపు ఉంటే నేను ఏమీ చెప్పలేను అంది. నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. సుధ అంగడినుంచి పరిగెత్తుకొని వచ్చింది. ఆమె నాతో చాలా దినాలు సరిగ్గా మాట్లాడలేదు. ఇది ఆమే రాస్తా ఉంది, కొట్టేయలేదు.

మరుసటి దినం పొద్దున తలుపు బారగా తెరిచి, టార్చిలైటు తీసుకొని నేనూ సుధా షెడ్డులోకి పోయినాం. తడి రంగు మీద చెయ్యి రాసుకొని పోతే గీత పడుతుంది కదా. గోడ చుట్టూరా భుజం ఎత్తున నా అరచేతి బాట ఉంది. ఒకదాని మీద ఒకటి, ఎన్నో మార్లు. మూల తిరిగి, గోడ మీద పోయి, నేరుగా రేకు తలుపు మీదకు ఎక్కి, తలుపు అడ్డం దాటి, మళ్ళీ గోడ మీదకు. అట్లే స్విచ్చుబోర్డు మీద. అట్లే షట్టరు మడతల మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా. ఏడా తెగలేదు. నా చెయ్యి ఆ తలుపు మీదనుంచి ఎన్నో మార్లు పోయింది. నేను దాన్ని గోడ అనుకున్నా. నా చేతికి గోడ లాగానే ఉన్నింది.

సుధ చాలాసేపు చూసింది. "వాసనకు తల తిరిగి ఉంటుంది" అంది. ఉంటుంది. నేనూ అదే అన్నా.

తరువాత తలుపు బయటపక్క చూసినాం. సందులో, రేకు మీద, నడుం ఎత్తున ఒక సున్నం బొట్టు ఉంది. అమ్మ బొటనవేలి బొట్టు. నేను తెలుపు తేలేదని అమ్మే పోయి పెట్టింది. కరెంటు పోయి టీవీ ఆగిపోతే, ఊరికే కూర్చోలేక ఈ పనికి లేచిందంట. అదే చోట, లోపలిపక్క, నా అరచేతి బాటకు బాగా కింద, తడి నలుపు మీద చిన్న వేళ్ళ గుర్తులు ఉన్నాయి. పాప చెయ్యి ఆనించిన గుర్తు అయితే వేళ్ళు విడివిడిగా పరుచుకొని పడాల. ఇవి అట్లా లేవు. అన్నీ దగ్గరికి ముడుచుకొని, దేన్నో పట్టుకున్నట్లు ఉన్నాయి. నడుమ బొటనవేలంత చోటు రంగు చెరగలేదు. ఆ చోటు సరిగ్గా బొట్టుకు వెనక ఉంది. నేను టేపుతో కొలిచి చూసినా, టార్చి కొట్టి చిల్లు ఉందేమో చూసినా. గుండుసూది దూరే సందు కూడా లేదు. మంచి మందమైన రేకు, మా నాయన చేయించింది.

పాప తేరుకున్నాక, బడికి పోవడం మొదలుపెట్టినాక, ఒక మారు మెల్లగా అడిగినా. ఆ పొద్దు తెల్లటి చుక్క చూసినావా అని. "చుక్క కాదు నాయనా" అంది. "అవ్వ వేలు. సున్నం వేలు లేదా, అది. పట్టుకున్నా." అంతే చెప్పి ఆడుకునేకి పోయింది. మళ్ళీ అడిగితే విసుక్కుంది, చెప్పినా కదా అని.

పిల్ల ఏదో కల కని ఉంటుంది, వాసనలో అట్లాంటివి కనపడతాయి అని నేనూ సుధా అనుకున్నాం. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. ఒకటి, ఆమె భయపడుతుంది. రెండు, ఇట్లాంటిది చెవిలో అరిచి చెప్పాలంటే వీధంతా వింటుంది. పాప కూడా చెప్పలేదు. అమ్మ చెవిలో అరిస్తే పాపకు నవ్వు వస్తుంది, రెండు మాటలకన్నా ఎక్కువ అరవలేదు. అమ్మ తలుపు ఎట్లా తీసింది అనేదానికి నేనే ఒక జవాబు కట్టుకున్నా. బొట్టు పెడతా ఉంటే రేకు అదిరి ఉంటుంది, లోపల ఎవరో ఉన్నారని తెలిసి తీసి ఉంటుంది. మంచి జవాబు. చాన్నాళ్ళు దాంతోనే నిమ్మళంగా ఉన్నా.

ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చొని ఆకులకు ఈనె తీసిస్తా ఉన్నా. ఆమె సున్నం రాస్తా ఉంటే ఆ వేలు చూసి, ఉండబట్టలేక, సైగ చేసి అడిగినా. ఆ పొద్దు గడియ ఎందుకు తీసినావు, తలుపు అదిరిందా అని.

అమ్మ తల అడ్డంగా ఆడించింది. "తలుపు ఏం అదరలేదు. నేను తీసేకి పోలేదురా. నువ్వు లోపల పని చేసుకుంటా ఉండావు అనుకున్నా. బొట్టు పెట్టి వద్దామని పోయినా, పెట్టినా. వేలు వెనక్కి తీసుకోబోతే రాలేదు."

ఆకు నోట్లో పెట్టుకొని, నమిలి, మళ్ళీ చెప్పింది. "చిన్న చెయ్యి పట్టుకొనింది. రేకేమో సల్లగా ఉంది. చెయ్యేమో కాలిపోతా ఉంది. మా పాప చెయ్యి నాకు తెలియదా? సుధతో పోయిందనుకున్న పిల్ల ఈడ ఉందేమి అని ఎడమచేత్తో గడియ లాగినా."

వంటింటి గడప దగ్గర సుధ చెంబు పట్టుకొని నిలుచుండిపోయింది. నీతో ఎవరన్నా చెప్పినారా, పాప చెప్పిందా అని సైగ చేసినా. అమ్మ నన్ను వెర్రివాణ్ణి చూసినట్లు చూసింది. "నాకు ఎవరు ఏం చెప్తారురా ఈ ఇంట్లో? నా చెవులు ఏడ ఉండాయి?" అంది.

ప్రొజెక్టరు అమ్మేసినాం. షట్టరును వెల్డింగు మిషనుతో కోసి తీయించినాం. ఆ పక్క ఇప్పుడు కమ్ముల గేటు ఉంది, ఎండా గాలీ బాగా వస్తాయి. గోడలకు తెలుపు వేయించినాం. అడుగున నలుపు ఉంది కదా, ఎన్ని మార్లు వేసినా కొంచెం బూడిదగానే ఉంటుంది. రేకు తలుపు మాత్రం ముట్టుకోలేదు. సందులో అమ్మ బొట్టు పెచ్చులూడిపోతా ఉంటే ఆమే మళ్ళీ పెడుతుంది. ఆమె పెట్టినప్పుడు నేను లోపల నిలుచుకొని ఆ చోట వేలు పెట్టి చూసినా, ఒక మారు కాదు. ఇనుము తగులుతుంది, అంతే.

అంగట్లో నలుపు అడిగినవాళ్ళకు సుద్దముక్క నేనే చుట్టి, చేతిలో పెట్టి, ముందు దీన్ని వాడండి అని చెప్పి పంపిస్తా. ఏడ్చే గోడ కత చెప్పడం మానుకున్నా. ఆ రేకుకు అటుపక్క ఒకరు, ఇటుపక్క ఒకరు ఎట్లా పట్టుకున్నారు అని ఎవరన్నా నన్ను అడిగితే, నాకు తెలియదు. పాప బతికి ఉంది. ఈ పొద్దు కూడా రోడ్డు దాటేటప్పుడు అవ్వ చెయ్యి మొత్తం పట్టుకోదు, ఆ బొటనవేలు ఒక్కటే పట్టుకుంటుంది.

షెడ్డులో కరెంటు పోయిన కాడినుంచి ఇంతవరకు రాసినాక, ఇది మీరు పెంచి చెప్తా ఉండారు అని సుధ ఒక్క మారు కూడా అనలేదు.